అరవని కప్ప

కప్పలంటే నాకు చిన్నప్పటి నుంచీ అసహ్యం. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. లేకపోతే ఇదంతా విన్న తర్వాత "షహనాజ్‌కు కప్పలంటే ఎంత ప్రేమో" అంటారు, నాకు ఒళ్లు మండుతుంది. మా క్వార్టర్ల లైన్లో ఇప్పటికే సగం మంది అంటున్నారు.

అది ఎనభై ఏడో సంవత్సరం. వాన మొహం చాటేసింది. మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది, గోదావరిఖని మీద ఒక్క చుక్క పడలేదు. నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. అది కూడా వస్తున్నా వస్తున్నా అని గురగురమని శబ్దం చేసి, రెండు బిందెలు నింపి పోయేది. మా ఆయన ఇస్మాయిల్ బాయి మీద పంపు ఫిట్టరు. బాయి అంటే ఇక్కడ బొగ్గు గని. గనిలో ఊరే నీళ్లను రాత్రంతా పైకి తోడించి, పొద్దున ఇంటికొచ్చి, స్నానానికి నీళ్లేవి అని నన్ను అడిగేవాడు. నాకు ఎలా ఉంటుందో మీరే చెప్పండి.

ఆ కరువులో ఫక్రున్నీసా మా ఇంట్లో దిగింది. మా ఆయనకు వరసకు చెల్లెలు. హైదరాబాద్‌లో చదివి, డాక్టరేట్ చేసి, యూనివర్సిటీలో ఉద్యోగం చేస్తోంది. జ్వరానికి గోలీ ఇచ్చే డాక్టరు కాదు, కప్పల డాక్టరు. ఈ సంగతి తెలియక మా లైన్లో ఇద్దరు ముసలమ్మలు ఆమెకు నాలుక చాపి చూపించారు కూడా. గోదావరి అవతలి అడవిలో తిరిగి తిరిగి, ఒక సాయంత్రం ఒంటినిండా ముళ్లు గీసుకుని, రెండు కప్పలతో వచ్చింది. వచ్చీ రాగానే నా రెండు మట్టి గోలాలు అడిగింది. వేసవిలో నీళ్లు చల్లబరచడానికి ఏరికోరి కొనుక్కున్న గోలాలవి.

"ఆపా, ఇవి మామూలు కప్పలు కాదు" అంది.

"కప్పల్ల మామూలువి, గైర్ మామూలువి ఉంటయా?" అన్నాను.

ఉంటాయట. ఆ రోజు నుంచి నేను పప్పు కడుగుతున్నా, రొట్టె కాలుస్తున్నా వెనక నిలబడి ఆ కప్ప జీవితచరిత్ర చెప్పేది. ఆ కప్ప చెరువులో ఉండదు, వాగులో ఉండదు. ముసలి మద్దిచెట్లకు పడే తొర్రల్లో ఉంటుంది. ఎండాకాలమంతా తొర్ర అడుగున పొట్టులో ఒళ్లు ముడుచుకుని పడుకుంటుంది. పెద్ద వాన పడి తొర్రలో నీళ్లు నిలిస్తేనే బయటికొస్తుంది. మగది ఆ నీళ్లలో తేలుతూ, గొంతు ఉబ్బించి అరుస్తుంది. చెట్టు బోలు కాబట్టి ఆ అరుపు చాలా దూరం వినిపిస్తుందట. ఆడది విని వచ్చి అక్కడే గుడ్లు పెడుతుంది. గెంతడం రాదు, ముసలమ్మలా మెల్లగా నడుస్తుంది. తినేది చీమలు, చెదలు. ఎవరైనా ముట్టుకుంటే పూరీలా ఉబ్బుతుంది. ఇప్పుడు ఎంత వెతికినా దొరకడం లేదట.

"మరి ఎందుకు లేకుంట పోయినయి?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కదా అని.

"తొర్రపడ్డ చెట్టు దేనికీ పనికిరాదనుకుంటాం కదా ఆపా. దూలానికి రాదు, తలుపుకు రాదు. అందుకని గొడ్డలి మొదట దానిమీదే పడుతుంది. ఈ కప్ప బొమ్మ పుస్తకంలో వేసినాయన పోయి కూడా చాలాకాలమైంది. ఆ తర్వాత దీన్ని కళ్లతో చూసినవాళ్లు లేరు. నాకు ఒక మగది, ఒక ఆడది దొరికాయి. ఆడదాని కడుపునిండా గుడ్లున్నాయి. వాన పడితే పెడుతుంది. పడకపోతే ఆ గుడ్లు కడుపులోనే ఇంకిపోతాయి. అప్పుడిక..."

ఆ అమ్మాయి అక్కడ ఆగి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. నా రొట్టె మాడింది. నాకు కప్ప మీద జాలి లేదు కానీ, ఆ పిల్ల మొహం చూసి కాదనలేకపోయాను. సరేలే, గోలాలు వాడుకో అన్నాను.

అలా మా స్నానాల గది కప్పలపాలైంది. నల్లా నీళ్లలో బ్లీచింగ్ పౌడర్ ఉంటుంది, అది కప్పకు విషం. అందుకని నీళ్లను రెండు రోజులు డ్రమ్ములో నిలవ ఉంచి, వాసన చూసి, అప్పుడు పోసేది. ఇంటికి చెదలు పడితే జనం మందు కొడతారు, మా ఇంట్లో మాత్రం చెదలను డబ్బాలో పెట్టి పెంచాం. డబ్బాకు చిల్లులు కొట్టి, ఆడకప్ప మీద రోజూ వానలా నీళ్లు చల్లి చూసేది ఫక్రున్నీసా. ఆ కప్ప మూతి ముడుచుకుని కూర్చునేది తప్ప కదిలేది కాదు. మగది మాత్రం సాయంత్రమైతే ఒకటి రెండుసార్లు "టంక్" మని అరిచి ఊరుకునేది.

ఇక అసలు రోజుకు వస్తాను. ఆ పొద్దున నేను పిల్లాడి చెవినొప్పికి కంపెనీ దవాఖానకు పోయాను. ఫక్రున్నీసా చెదల కోసం ఊరవతలికి పోయింది. ఇంట్లో మిగిలింది మా ఆయన, నైట్ షిఫ్టు నుంచి వచ్చి మంచం మీద వాలి ఉన్నాడు. నేను తిరిగి వచ్చేసరికి స్నానాల గది తలుపు బార్లా తెరిచి ఉంది. ఒక గోలెంలో మగకప్ప ఉంది. రెండోది ఖాళీగా ఉంది.

"ఏమండీ! ఇంకో కప్ప ఏది?"

"పక్క క్వార్టర్ సారవ్వ వచ్చింది" అన్నాడు కళ్లు తెరవకుండానే. "కప్పతల్లి ఆడుతున్నరట. అంత ఎండిపోయింది గదా, ఎక్కడ దేవులాడినా ఒక్క కప్ప దొరకలేదట పాపం. నేనే ఇచ్చిన."

కప్పతల్లి సంగతి మాకు కొత్త కాదు. వాన పడని ఏడు ఆడవాళ్లు కప్పను గుడ్డలో కట్టి, రోకలికి వేలాడదీసి, వేపమండలు చుట్టి, పాడుకుంటూ ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటివాళ్లూ బిందెడు నీళ్లు దానిమీద పోస్తారు. కప్ప మొర పెట్టుకుంటే వాన వస్తుందని నమ్మకం. నేను కూడా ప్రతిసారీ పోస్తాను, పుణ్యానికి మతమేముంది. కానీ ఈ కప్పనా!

మా ఆయన లేచి కూర్చుని, తానేదో ఘనకార్యం చేసినట్టు చెప్పాడు. "నువ్వు ఫికర్ చెయ్యకు. నాకు అక్కల్ లేదనుకున్నవా? రెండిట్ల మంచిదాన్ని ఉంచిన. అరిచేదాన్ని దాచిపెట్టి, మూగదాన్నే ఇచ్చిన."

పదేళ్లు నాతో కాపురం చేసి ఆ మనిషి నేర్చుకున్నది ఇదీ. ఇంట్లో ఏది ఎక్కువ అరిస్తే అదే ముఖ్యమని.

"కప్పల్ల అరిచేది మొగది! ఆడది అరవదు!" అని అరిచాను.

"అట్ల ఎక్కడన్న ఉంటదా?" అన్నాడు నిజంగానే ఆశ్చర్యపోయి.

సరిగ్గా అప్పుడే ఫక్రున్నీసా చెదల డబ్బాతో లోపలికి వచ్చింది. ఖాళీ గోలెం చూసింది. నన్ను చూసింది. నేను చెప్పాను. డబ్బా చేతిలోంచి జారి, చెదలు నా వంటింటి గడప దాకా పాకాయి. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "ఎటు పోయారు?" అని మాత్రం అడిగింది, ఆ గొంతు విని నేను చెప్పులు కూడా వేసుకోకుండా ఆమె వెంట పడ్డాను.

కరువులో ఒక సుఖం ఉంది. తడి ఎక్కడుందో ఇట్టే తెలిసిపోతుంది. ఎవరి గడప ముందు బురదగా ఉంటే అటు పరుగెత్తాం. మొదటి లైను మొత్తం తడిసి ఉంది. రెండో లైనులో టైమాఫీసు క్లర్కు లింగమూర్తి వాకిట్లో పడక్కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఈ మనిషి మూఢనమ్మకాల మీద ఎవరు దొరికినా ఉపన్యాసం ఇస్తాడు. ఆయన గడప అందరికంటే ఎక్కువ తడిగా ఉంది.

"మీరు గూడ పోసిన్రా అన్నా?" అన్నాను.

"రెండు బకెట్లు పోసిన. అది శుద్ధ మూఢనమ్మకమే తల్లీ, అండ్ల డౌటు లేదు. కని నేనొక్కన్నే పొయ్యకుంటే, రేపు వాన పడకపోతే అందరు నామీద పడరా?"

"బ్లీచింగ్ ఉన్న నీళ్లా?" అని ఫక్రున్నీసా ఆయన చొక్కా పట్టుకున్నంత పనిచేసింది. నల్లా వచ్చి రెండు రోజులైందని, డ్రమ్ములో నిలవ నీళ్లేనని ఆయన బెదిరిపోతూ చెప్పాడు. ఆమె ఊపిరి పీల్చుకుని మళ్లీ పరుగెత్తింది. మూడో లైను మలుపులో డప్పు వినిపించింది.

ముందు సదయ్య డప్పు కొడుతున్నాడు. వెనక సారవ్వ, కనకవ్వ రోకలిని చెరో భుజాన మోస్తున్నారు. మధ్యలో పసుపు గుడ్డ మూట, దాని చుట్టూ వేపమండలు. లైన్లోని ఆడవాళ్లంతా వెంట ఉన్నారు. ఫక్రున్నీసా రెండు చేతులూ చాపి దారికి అడ్డంగా నిలబడింది.

"ఆపండి! దయచేసి ఆపండి! ఆ కప్ప నాది!"

ఆ పిల్లది పుస్తకాల తెలుగు. సారవ్వ ఆమెను పైనుంచి కిందికి చూసింది. సారవ్వ మా పక్క క్వార్టరామె, బాయిలో పనిచేసే ఆగయ్య భార్య. నల్లా దగ్గర ఆమెతో గెలిచిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

"కప్ప నీదెట్లయితది బిడ్డా? నువ్వు కన్నవా?"

"అది ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. దాని కడుపులో గుడ్లున్నాయి!"

ఆడవాళ్ల పాట ఆగింది. సదయ్య చెయ్యి కూడా ఆగింది. సారవ్వ మూట వైపు చూసింది.

"కడుపుతోటున్నదా?"

"అవును."

"గట్లయితే ఇంక మంచిది. కడుపుతోటున్నదాని మొర దేవుడు జల్ది ఇంటడు. కొట్టు సదయ్యా!"

"వద్దు! అది చర్మంతో ఊపిరి పీల్చుకుంటుంది. పసుపు రాశారు, గట్టిగా కట్టారు, చచ్చిపోతుంది. ఇచ్చేయండి, మీ కాళ్లు పట్టుకుంటాను" అని ఆ చదువుకున్న పిల్ల నిజంగానే ఆ బురదలో వంగింది. సారవ్వ గభాలున కాళ్లు వెనక్కి తీసుకుంది.

"లే బిడ్డా, లే. నాకు పాపం చుట్టుకుంటది." ఆమె గొంతు తగ్గింది. "నడిమిట్ల ఇప్పితే ఎట్ల చెప్పు. మా చెల్క మీద కంది గింజలు ఏసి ఊకున్నం. మొలక లేదు, మన్ను లేదు. అవి దుక్కిలనే మాడుతున్నయి. నీ కప్ప కడుపుల గుడ్లు ఎట్లనో, నా చెల్కల గింజలు గట్లనే. ఇద్దరికి గావాల్సింది వానే గదా."

ఫక్రున్నీసా లేచింది కానీ దారి వదల్లేదు. సారవ్వ రోకలి దించలేదు. ఎండ మాడు పగలగొడుతోంది. నాకు చిర్రెత్తింది.

"మీ ఇద్దరి పంచాయితీ తెగేదాక అది ఎండకు సస్తది! సారవ్వా, మూట ఇప్పి పసుపు కడుగనియ్యి, మెత్తగ కట్టనియ్యి. ఫక్రున్నీసా, నువ్వే రోకలి మొయ్యి. కప్ప నీ కళ్ల ముందే ఉంటది, ఆట ఆగదు. ఇంకెవలన్న మాట్లాడితే నేను ఊకోను!"

సారవ్వ రోకలి దించింది. మూట విప్పితే ఆ కప్ప బంతిలా ఉబ్బి, ప్రపంచమంతటి మీద అలిగినట్టు కూర్చుని ఉంది. ప్రాణం ఉంది. ఫక్రున్నీసా దాన్ని కడిగి, తన తెల్ల చున్నీలో వదులుగా కట్టి, రోకలి ఒక కొస భుజానికెత్తుకుంది. రెండో కొస సారవ్వది. సదయ్య డప్పు అందుకున్నాడు.

ఆ తర్వాత మా కాలనీ చూసిన వేడుక అంతా ఇంతా కాదు. ఫక్రున్నీసా ప్రతి గడప ముందూ ఆగి, బిందెలోకి తల దూర్చి వాసన చూసేది. వాసన లేకపోతేనే పోయనిచ్చేది. రాయమల్లు భార్య అయితే కొట్లాటకు దిగింది. "ఏందమ్మా, మా ఇంటి నీళ్లు కంపు కొడుతున్నయా?" అని. ఆమెకు సర్దిచెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. "మెల్లగా! సన్నటి ధారగా! అలా గుప్పున కాదు, వానలాగా పోయండి!" అని అరుస్తూ ఆ పిల్ల నడుస్తుంటే, ఆడవాళ్లు నవ్వుకుంటూనే చాటల్లోంచి, జల్లెళ్లలోంచి నీళ్లు కురిపించడం మొదలుపెట్టారు. సగం నీళ్లు కప్ప మీద, సగం ఆమె నెత్తి మీద పడ్డాయి. కళ్లద్దాలు ముక్కు కొసకు జారినా రోకలి మాత్రం వదల్లేదు. ఆఖరి లైనుకు వచ్చేసరికి సారవ్వ పాటకు ఆమె వంత కూడా పాడుతోంది, ఒక్క మాట సరిగ్గా రాకపోయినా.

ఇంటికొచ్చాక కప్పను మగదాని గోలెంలోనే వదిలింది. ఆ సాయంత్రం మగది ఎత్తుకుంది చూడండి, ఖాళీ బిందె మీద కట్టెతో కొట్టినట్టు ఒకటే మోత. నేను చెవుల్లో దూది పెట్టుకున్నాను. ఫక్రున్నీసా స్నానాల గది ముందు చాప వేసుకుంది.

తెల్లవారుతుండగా ఆమె నన్ను చెయ్యి పట్టి లాక్కుపోయింది. గోలెంలో నీళ్ల మీద పొర కట్టినట్టు గుడ్లు తేలుతున్నాయి. రంజాన్‌లో షర్బత్‌లో వేసే సబ్జా గింజలు నానితే ఎలా ఉంటాయో అచ్చం అలా, నల్లటి చుక్క చుట్టూ జిగురు. ఆడకప్ప ఓ మూల చిక్కిపోయి, అలిసిపోయి కూర్చుంది.

"నేను అన్ని రోజులు డబ్బాతో చల్లాను ఆపా. నా వాన దొంగవానని దానికి తెలిసిపోయింది" అంది ఫక్రున్నీసా. "నిన్న గంటలకొద్దీ నీళ్లు, పైగా ఆ డప్పు. ఉరుము అనుకుని ఉంటుంది. నిజంగా వానాకాలం వచ్చిందనే అనుకుంది." అని నవ్వబోయి, నా భుజం మీద తల పెట్టి భోరున ఏడ్చింది. నాకూ కళ్లల్లో నీళ్లొచ్చాయి. కప్ప కోసం కాదు.

కానీ వాన రాలేదు. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. మేము చాయ్ తాగుతుండగానే వీధిలో మళ్లీ డప్పు మోగింది. ఫక్రున్నీసా మొహం తెల్లబోయింది. ఒక్క ఉరుకున పోయి స్నానాల గది తలుపుకు అడ్డంగా నిలబడింది. సారవ్వ రోకలితో సహా లోపలికి వచ్చేసింది.

"నిన్నటిది సాలలేదు బిడ్డా. ఇయ్యాల మళ్ల తిప్పుదం. తియ్యి కప్పను."

"లేదు. ఈసారి నన్ను చంపినా ఇవ్వను" అంది ఫక్రున్నీసా. "లోపలికి చూడండి కావాలంటే. చూసి అడగండి."

సారవ్వ ఆమె భుజం మీదుగా గోలెంలోకి తొంగి చూసింది.

"ఏందియ్యి?"

"గుడ్లు. తెల్లారేముందు పెట్టింది."

సారవ్వ చటుక్కున వెనక్కి జరిగింది. రోకలిని గోడకు ఆనించి, వెనక తోసుకొస్తున్న ఆడవాళ్లను రెండు చేతులతో ఆపింది.

"ఆగున్రి, ఆగున్రి! లోపటికి రాకున్రి. పురుడు వచ్చింది." తర్వాత ఫక్రున్నీసా మీద విరుచుకుపడింది. "నీకేమన్న బుద్ధి ఉన్నదా? చదువుకున్నవు! బాలింతను తలుపు కాడ గాలికి కూసుండబెడుతరా? మూలకు జరుపు. చీకటి చెయ్యి. ఎవ్వలను రానియ్యకు, ఎవ్వలకు చూపియ్యకు. తలుపుకు వేపమండ కట్టు."

"మరి కప్పతల్లి ఎట్ల?" అని వెనక నుంచి కనకవ్వ అడిగింది.

"బాలింతను ఎవలన్న ఇల్లిల్లు తిప్పుతరే? సిగ్గు లేదా మనకు?" అంది సారవ్వ. అప్పుడామె చూపు మా ఆయన మీద పడింది. ఆయన అప్పుడే నైట్ షిఫ్టు దిగి, గుమ్మంలో సైకిల్ స్టాండ్ వేస్తున్నాడు. "ఇస్మాయిలూ, నువ్వు రా కొడుకా. కప్ప లేని ఏడు మనిషికి మండలు కట్టి తిప్పేది గూడ ఉన్నది."

ఆయన నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. సరిగ్గా రెండు నిమిషాల్లో ఆయన నెత్తి నుంచి నడుము దాకా వేపాకు తప్ప ఏమీ కనిపించలేదు. స్నానానికి నీళ్లేవి అని రోజూ అడిగే మనిషికి ఆ రోజు కాలనీ మొత్తం నీళ్లు పోసింది.

డప్పు దూరమయ్యాక ఫక్రున్నీసా గోలేన్ని మూలకు జరిపి, కిటికీకి నా పాత దుప్పటి కట్టింది. సారవ్వ ఇచ్చిపోయిన వేపమండను తలుపు గొళ్లేనికి కడుతోంది. ముడి వెయ్యడం కూడా రావడం లేదు.

"ఇది మీ సైన్సుల ఉన్నదా?" అన్నాను.

"లేదు ఆపా." ముడి బిగించి, తలుపును మెల్లగా దగ్గరికి వేసింది. "కానీ ఇక ఈ తలుపు ఎవరూ తీయరు కదా."

అదీ నిజమే. పెద్ద వాన పడి, ఆమె ఆ కప్పపిల్లల్ని డబ్బాల్లో పోసుకుని అడవికి తీసుకుపోయి తొర్రల్లో వదిలేదాకా మా కాలనీలో ఒక్క ప్రాణి ఆ తలుపు ముట్టలేదు. అన్ని రోజులూ మేము ఇంటిల్లిపాదీ సారవ్వ ఇంట్లోనే స్నానం చేశాం.